అంబులెన్సు చరిత్రలో అత్తయ్య

“నీకు కంప్యూటరు వచ్చుగా, నాన్న అంబులెన్సు చరిత్ర ఒక పేజీ కొట్టిపెట్టు,” అన్నారు మా ఆయన జనార్ధనరావు, ఇస్త్రీ చెయ్యాల్సిన చొక్కా నా ఒళ్లో పడేస్తూ. రెండువేల సంవత్సరం రాగానే ఆగిపోతాయన్న ప్రోగ్రాములతో రోజంతా ఆఫీసులో కుస్తీపట్టి, రైల్లో నిలబడి సింగపూరు ఉత్తరాన సెంబవాంగ్‌లో మా ఇల్లు చేరినదాన్ని. ఇంటికొచ్చినా కంప్యూటరే! నేవీ బేస్‌లో పనిచేసిన పాతవాళ్ల సంఘం పుస్తకం వేస్తోందట. రెండో ప్రపంచయుద్ధంలో మామగారు సాంబమూర్తి గారు నడిపిన బండికి అందులో ఒక పేజీ ఇచ్చారట.

ఆయన పోయి పదేళ్లు. ఆ బండిని చూసినవాళ్లలో ఇంట్లో మిగిలింది అత్తయ్య కుమారమ్మే. ఆవిణ్ణి అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు. రొయ్యలు ఒలుస్తున్న ఆవిడ పక్కన కూర్చుని అడిగాను. ఆ మొహం ఎంత వెలిగిందో!

“ఆకుపచ్చ బండి అమ్మా. లోపల నాలుగు స్ట్రెచర్లు. దాని గంట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బాంబులు పడ్డన్నాళ్లూ ఆగిందే లేదు. మీ మామగారి పక్కన కూర్చుని నేనూ వెళ్లేదాన్ని. స్ట్రెచర్ గుడ్డలకి నెత్తురు అట్టలు కట్టేది. సోల్జర్లు వేణ్ణీళ్లు పోస్తే మరక ఇంకా అంటుకుపోయేది. వాళ్ల మొహం మండ! బక్కెట్టు లాక్కుని చన్నీళ్లు పోశాను. పదహారేళ్లదాన్ని. ఆ రోజునుంచీ ఉతుకంతా నాదే.”

“చన్నీళ్ల సంగతి మీకెవరు చెప్పారు?”

అత్తయ్య ఫక్కున నవ్వింది. “నెలనెలా గుడ్డలుతుక్కునే ఆడదానికి ఒకరు చెప్పాలా?”

నాకూ నవ్వాగలేదు. కాకినాడలో, పెరట్లో, మొదటిసారి నా చేతికి చెంబిచ్చి “చన్నీళ్లే పొయ్యి” అని గుసగుసలాడిన అమ్మ గుర్తొచ్చింది. ఆ చెంబు బరువూ, ఆ సిగ్గూ, అమ్మ చీర కొంగు వాసనా అన్నీ ఒక్కసారి మీదికొచ్చాయి. అమ్మ మీద బెంగ పుట్టింది. అత్తయ్య చెప్పిందంతా ఉన్నదున్నట్టు టైపు కొట్టాను.

మా ఆయన చదివి మొహం చిట్లించారు. “అమ్మ ఉతికితే ఏంటట? బండి తోలింది నాన్న. పైగా ఈ మైలగుడ్డల గోలొకటి! పదిమంది చదివేది. తీసెయ్.”

“పోన్లేమ్మా, తీసెయ్,” అంది గుమ్మంలో అత్తయ్య. మొహంలో ఆ వెలుగంతా చప్పున ఆరిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. “ఒక్క అక్షరం తియ్యను. కాదంటే మీరే కొట్టుకోండి,” అన్నాను. ఆయనకి టైపు రాదు.

అత్తయ్య గుమ్మం దాటి లోపలికొచ్చింది. చేతులు తుడుచుకుని, నా పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుంది.

“అయితే ఇదీ కొట్టమ్మా. బాంబులు పడ్డ ఆఖరి మూడు రోజులూ మీ మామగారు చేతులు వణికి స్టీరింగు పట్టలేకపోయారు. బండి తోలింది నేనే.”