వెంకటేశయ్య పండించిన పగడం

రాబర్ట్‌సన్‌పేట బజారులో వెంకటేశయ్య నగల కొట్టుకు వచ్చేవాళ్ళు ముందు నగల వంక చూడరు. గల్లాపెట్టె పక్కన, ఏసీ గాలి తగిలేచోట, నడుమెత్తు బల్ల మీద ఒక పెద్ద గాజుతొట్టి ఉంది. అందులో ఉన్నవి ఉప్పునీళ్ళు. కోలారు బంగారు గనులు మూతపడి మట్టిదిబ్బలు మిగిలిన ఊళ్ళోకి, సముద్రానికి అంత దూరాన ఉన్న కొట్లోకి, సముద్రాన్ని తెచ్చి పెట్టిన ఘనత ఆయన కూతురు వినుతది. ఘనత అని ఆయన ఈమధ్యే అంటున్నాడు. మొదట్లో పిచ్చి అనేవాడు.

వినుత రోజూ రైల్లో బెంగళూరు వెళ్ళి ఉద్యోగం చేసుకొచ్చే పిల్ల. ఒక సాయంత్రం టిఫిన్ క్యారియర్‌లో నీళ్ళ సంచి, సంచిలో బొటనవేలంత రాతిముక్క పెట్టుకొని దిగింది. కిక్కిరిసిన బోగీలో దాన్ని గుండెకు ఆనించుకొని దారిపొడుగునా నిలబడే వచ్చిందట. రాతి కొసన పచ్చగా, మెత్తగా ఏదో ఊగుతోంది.

"ఇది పగడమప్పా. ప్రాణముండే పగడం."

వెంకటేశయ్య పకపకా నవ్వాడు. "మీ జేజి కాలం నుంచి పగడాలమ్మే ఇల్లు మనది. పచ్చ పగడం యాడన్నా ఉంటాదామ్మా? నిన్నెవరో బాగా మోసం చేసినారు."

ఆ ముక్కే చీలి చీలి పెద్ద గుత్తి అయింది. ఒక్కో కొస చిన్న సుత్తిలాగా ఉండేది. నారింజ రంగు చేపల జంట ఒకటి ఆ గుత్తి నడుమే కాపురం పెట్టింది. వెంకటేశయ్య నవ్వడం మానేశాడు గానీ, అది పగడమని మాత్రం ఒప్పుకోలేదు. పగడమంటే ఎర్రగా ఉండాలి. ఆయన పట్టుదల అంతే.

ఇంతలో ఆఫీసువాళ్ళు వినుతను శిక్షణ కోసం కొన్నాళ్ళు మంగళూరు పంపించారు. తొట్టి సంగతి నేను చూసుకుంటానని తల్లి విశాలమ్మ అంటే, కొట్లో ఉండే వస్తువు నా బాధ్యత అని వెంకటేశయ్య అడ్డుపడ్డాడు. వినుత ఆయనకే అప్పగించి, చిన్నపిల్లాడికి చెప్పినట్లు చెప్పింది.

"మేత చిటికెడే. మూలనుండే అలల మోటారు ఆపొద్దు. లైటు దానంతటదే ఆరిపోతాది, ముట్టుకోవద్దు. రంగేమన్నా మారితే వెంటనే ఫోటో తీసి పంపించు."

"బంగారం వన్నె పట్టే కన్నులమ్మా ఇవి. తొట్టి చూసేది ఒక లెక్కా?" అన్నాడు. అని, ఆ పూటే ఫోన్ తీసి, ఆమె పక్కన నిలబడి ఉండగా తొట్టిని ఫోటో కూడా తీశాడు.

ఆమె వెళ్ళిన కొద్దిరోజులకు రాతి వెనక ఇసుక మీద ఎర్రటి మరక ఒకటి కనిపించింది. మర్నాటికి అరచేయంత అయింది. వారం తిరిగేసరికి ఇసుకంతా పరుచుకొని రాయి ఎక్కింది. వెంకటేశయ్య రాళ్ళు చూసే భూతద్దం కంటికి పెట్టుకొని తొట్టి ముందు వంగాడు. ముదురెరుపు. తన కొట్లో మేలురకం పగడానికి ఏ రంగుంటుందో అచ్చం ఆ రంగు. ఆయన ఒళ్ళు పులకరించింది.

పాపం, తప్పంతా ఆయనది కూడా కాదు. పుట్టినప్పటి నుంచి ఆయనకు పగడం పొట్లాల్లోనే వచ్చింది, గట్టిగా, చల్లగా, సానపట్టి. అది ఎట్లా పుడుతుందో చెప్పినవాళ్ళు లేరు. బెల్లం పాకం ముదిరినట్లు ముందు లేత పొరగా వచ్చి తర్వాత గట్టిపడుతుందని తనకు తానే తీర్మానించుకున్నాడు. కూతురు తెచ్చింది పచ్చది. తన చేతి మీద పండింది ఎర్రది. ఆ గర్వం ఆయన మీసాల్లో దాగలేదు.

ఇక ఆ లేత పగడానికి మొదలైంది సేవ. మోటారు నుంచి వచ్చే నీటి ఉరవడికి ఎర్రపొర అంచులు లేచిపోతున్నాయని మోటారు ఆపేశాడు. పెరిగే ప్రాణానికి తిండి కావాలని చిటికెడు మేతను గుప్పెడు చేశాడు. వచ్చినవాళ్ళకు కనబడాలని కొట్టు మూసేదాకా లైటు వేసే ఉంచాడు. శుక్రవారం గాజుకు కుంకుమ బొట్టు పెట్టాడు. కొడుక్కు పగడపు ఉంగరం చేయించడానికి బూదికోట నుంచి వచ్చిన మునివెంకటమ్మ అయితే తొట్టికి చేతులెత్తి మొక్కింది.

"మన ఊర్లో పగడం పండేది యాడన్నా ఇన్నామా సామీ," అంది.

"ఇంగా లేతది. గట్టిపడాల," అన్నాడు ఆయన, పంట చూపించే రైతులాగా.

ముందు అనుమానం వచ్చింది విశాలమ్మకు. కొట్లో కుళ్ళువాసన వేస్తోందని వచ్చి, తొట్టిలో చెయ్యిపెట్టి రాతిని వేలితో ఒక్క గీత గీసింది. ఎర్రపొర తోలులా ఊడి వేలికి అంటుకుంది.

"ఇది పాకుడండీ. చూడండి, ఎంత జిగటగా ఉండాదో."

"పగడం సంగతి నీకేం తెలుసు? లేతదాన్ని పీకేసినావు కదా. ఇంగ ఈ తొట్టి దగ్గరికి రావద్దు." గిరాకీలందరూ వింటుండగా అన్నాడు ఆ మాట.

విశాలమ్మ వేలు కొంగుకు తుడుచుకొని కొట్టు వెనకే ఉన్న ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆనాటి నుంచి ఆమె ఇంట్లోంచి కొట్లోకి అడుగుపెట్టలేదు. కాఫీ గ్లాసు గడప మీద పెట్టి వెళ్ళేది.

మంగళూరు నుంచి వినుత అప్పుడప్పుడూ ఫోటో అడిగేది. ఆమె తిరిగొచ్చాక ఎర్రది చూపించి ఆశ్చర్యపరచాలని, పచ్చగుత్తి ఉన్న పక్క మాత్రమే తీసి పంపేవాడు. రానురాను ఆ గుత్తి ముడుచుకుపోయింది. ఎర్రపొర దాని మొదళ్ళ దాకా ఎక్కింది. ఒకనాడు ఎటువైపు నుంచి తీసినా పచ్చదనం కనబడలేదు. నిజం చెప్పాలంటే, ఏదో తప్పు జరిగిందని ఆయనకు ఆ రోజే తెలుసు. తెలిసి ఫోన్ చేయలేదు. ఆమె వెళ్ళేముందు తీసిన పాత ఫోటో వెతికి, దాన్ని పంపించాడు.

రెండో రోజు పొద్దున్నే వినుత బస్సు దిగి వచ్చింది. శిక్షణ ఇంకా అయిపోలేదు. ఎందుకొచ్చిందో అడిగే ధైర్యం ఆయనకు లేకపోయింది. తొట్టి ముందు నిలబడి ఆమె అరవలేదు, ఏడవలేదు.

"మోటారు ఎవరు ఆపినారప్పా?"

"నేనే. ఎర్రది లేచిపోతా ఉంటే..." అని ఆగిపోయాడు.

ఆమె సన్నటి గొట్టం తొట్టిలోకి దింపి, రెండో కొస బకెట్టులో వేసింది. ఆయన పండించిన పగడమంతా పేలికలు పేలికలుగా గొట్టంలోకి పోయింది. కింద గుత్తి కనిపించింది. ఒక్క పచ్చటి కొస లేదు. తెల్లటి రాతి బోదెలు మాత్రం ఉన్నాయి.

"ఇది పాకుడప్పా. నీళ్ళు కదలకపోతే, తినగా మిగిలిన మేత కుళ్ళితే వస్తాది. గుత్తిని ఊపిరాడనీయకుండా కప్పేసింది."

విశాలమ్మ గడపలో నిలబడి ఉంది. నేను చెప్పలేదా అని ఆమె ఒక్క మాట అన్నా ఆయనకు కొంత తేలిక అయ్యేది.

"మందుంటే తెప్పిస్తానమ్మా. ఎంత దూరం నుంచైనా సరే," అన్నాడు.

"మందేస్తే పాకుడు తొందరగానే పోతాది. గాలందక చేపలు కూడా పోతాయేమో. మళ్ళీ మేత ఎక్కువేస్తే అది మళ్ళీ వస్తాది. దీన్ని ఓపికతోనే పోగొట్టాల."

మోటారును ఆ మూలకే తిప్పి పెట్టింది. మేత దాదాపు ఆపేసింది. రోజూ పాకుడు లాగేసి, తీసినన్ని నీళ్ళు ఉప్పు కలిపి కొత్తవి పోసింది. తర్వాత, వెలుతురు లేకపోతే మిగిలిన పాకుడూ చస్తుందని, మూడు రోజులు తొట్టికి కంబళి కప్పేశారు. ఆ మూడు రోజులూ వచ్చిన ప్రతివాళ్ళూ పగడమేదని అడిగారు. వెంకటేశయ్య ఒక్కొక్కరికీ చెప్పుకోవలసి వచ్చింది. ఉంగరం తీసుకుపోవడానికి వచ్చిన మునివెంకటమ్మకూ చెప్పాడు.

"అది పగడం కాదమ్మా. పాకుడు. నాకు తెలియక నీతో మొక్కించినాను."

కంబళి తీసిన రోజు నీళ్ళు తేటగా ఉన్నాయి. ఇసుక తెల్లబడింది. చేపల జంట తెల్లటి బోదెల మధ్యకే పోయి, ఒత్తిగిలడానికి మెత్తనిదేమీ దొరక్క, బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోతోంది. తన అద్దాల పెట్టెలో వరుసగా ఉన్న పగడాలన్నీ ఒకప్పుడు ప్రాణంతో నీళ్ళలో ఉన్నవేనని వెంకటేశయ్యకు అప్పుడు తట్టింది. ఇన్నేళ్ళ వ్యాపారంలో ప్రాణమున్న పగడం ఒక్కటే చేతికి వచ్చింది. దాన్ని తనే చంపుకున్నాడు. ఆయనకు ఏడుపొచ్చింది.

"అమ్మా, నీకు పంపిన కడపటి ఫోటో..." అని మొదలుపెట్టాడు.

"తెలుసప్పా. గాజులో నా నీడ ఉండాది. నేను మంగళూరులో ఉంటే, నా నీడ మన కొట్లో ఎట్ల ఉంటాది? అది చూసే బస్సెక్కినాను," అంది వినుత. తెల్లటి బోదెల వంక చూసి, "ఒక్క వారం ముందు నిజం చెప్పింటే గుత్తి బతికేది," అంది.

ఆ మాటలో కోపం లేదు. అందుకే అది ఆయనను ఎక్కువ కోసింది.

తిరిగి వెళ్ళేరోజు ఆమె మేత డబ్బా తీసుకుపోయి తల్లి చేతిలో పెట్టింది. వెంకటేశయ్య పక్కనే నిలబడి చూశాడు. అడ్డుపడలేదు.

"మరి నేనేం చేసేదమ్మా?"

"నువ్వు ఫోటోలు పంపప్పా. నాలుగు పక్కలా తీసి పంపు."

మర్నాడు పొద్దున చాలా రోజుల తర్వాత విశాలమ్మ గడప దాటి కొట్లోకి వచ్చి, చిటికెడు మేత నీళ్ళ మీద చల్లింది. వెంకటేశయ్య ఫోన్ పట్టుకొని తొట్టి చుట్టూ తిరిగాడు.

"విశాలా, ఆ రోజు నలుగురి ముందర నిన్ను అట్ల అనకూడదు. నువ్వు చెప్పిందే నిజం."

ఆమె డబ్బా మూత బిగించింది. "ముందు ఆ తెల్లదాన్ని ఫోటో తీయండి," అంది.

ఆయన తెల్లటి బోదెల ముందు వంగి తీశాడు. గాజులో ఆయన ముఖం కూడా పడింది. పక్కకు జరిగి ఇంకొకటి తీయబోయి, వద్దనుకొని, దాన్నే కూతురికి పంపించాడు.