సీతాబాయి పేరుకు ఏడో నెంబరు బ్లేడు

కొండాపూర్‌కు గ్రామసేవికగా వచ్చిన రెండో ఏడు, అంటే 1971లో, నాగేశ్వరి తన రంపాన్ని తానే తయారుచేసుకుంది. లింగంపల్లిలో పాతసామాన్ల కొట్టు ముందు తుప్పు పట్టిన కుట్టుమిషన్ స్టాండు ఒకటి కనిపిస్తే ఎడ్లబండి మీద వేయించుకుని ఇంటికి తెచ్చింది. దాని మీద చిన్న టేకుబల్ల బిగించింది. బల్లకు పైన ఒకటి, కింద ఒకటి రెండు కర్రచేతులు పెట్టి, వాటి చివర్ల మధ్య సన్నటి బ్లేడును నిలువుగా లాగి కట్టింది. పెడలు తొక్కితే చక్రం తిరుగుతుంది, చేతులు రెండూ కలిసి పైకీ కిందికీ ఊగుతాయి, చెక్కను ఎటు తిప్పితే కోత అటు పోతుంది. ఆమె భర్త సుబ్రహ్మణ్యం రామచంద్రాపురం వైపు ఒక ఫ్యాక్టరీలో లేతు మిషన్ మీద పనిచేసే టర్నరు. బ్లేడును పట్టుకునే ఇనుప బిగింపులు రెండూ అతను చేసిపెట్టాడు. మిగతా పనంతా ఆమెదే.

కాకినాడలో ఉన్నప్పుడు తండ్రి దగ్గర నేర్చుకున్న సరదా అది. చిలకలు, నెమళ్ళు, దేవుడి పటాలకు జాలీ చట్రాలు కోసేది. ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి చూసి, కుట్టుమిషన్ మీద చెక్క కుడుతోందని నవ్వుకునేవారు. ఆమె కూడా నవ్వేది. తన చేతిపని మీద ఆమెకు అనుమానం లేదు.

ఆ ఏడు సీతాబాయిని పంచాయతీలోకి తీసుకున్నారు. ఆడవాళ్ళకు ఉంచిన స్థానం అది. సీతాబాయికి నలభై అయిదేళ్ళుంటాయి. గుట్టల దగ్గర రాళ్ళు కొట్టే పని. ఆ పనివాళ్ళ వాడలో ఎవరికి ఏ తగాదా వచ్చినా ఆమె గుమ్మంలోకే వచ్చేవారు కాబట్టి ఆమె పేరు చెప్పగానే ఊరంతా సరేనంది. మొదటి మీటింగు అయిన మర్నాడు ఆమె నాగేశ్వరి ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, ఎడమచేతి బొటనవేలు చూపించింది. దాని మీద సిరా మరక ఇంకా పోలేదు.

“అందరు సంతకాలు వెట్టిండ్రు. నా దగ్గరికి రాంగనే గుమస్తా సిరా డబ్బా ముందట వెట్టిండు. నాకు తల కొట్టేసినట్టయింది నాగేశ్వరమ్మా. వచ్చే మీటింగుకు నేను సంతకం వెట్టాలె.”

“అదెంత పనండి సీతక్కా? రోజూ సాయంత్రం రండి. మీ పేరులో ఉన్నవి నాలుగే అక్షరాలు.”

“మూడు వారాలే ఉన్నయి.”

“చాలు,” అంది నాగేశ్వరి.

చాలవని నాలుగు రోజుల్లోనే తెలిసింది. సీతాబాయి పలక మీద చూపు నిలపలేకపోయేది. ముప్పై ఏళ్ళు రాతిపొడి పడిన కళ్ళు అవి, దగ్గరి గీతలు అలుక్కుపోయి కనిపించేవి. పైగా సుత్తి పట్టిన చేతికి బలపం నిలిచేది కాదు. గట్టిగా పట్టుకుంటే విరిగేది, మెల్లగా పట్టుకుంటే జారేది. అయిదోనాడు ఆమె పలకను పక్కన పెట్టేసింది.

“నా కండ్లకు వస్తలేదమ్మా. చేతికి చెప్పు, చేతికైతే వస్తది. రాయి ఎక్కడ పగులుతదో నా కండ్లకు తెల్వది, చేతికే తెలుస్తది.”

ఆ మాట నాగేశ్వరికి నచ్చింది. ఆ సాయంత్రమే పలచని ప్లైవుడ్ ముక్క మీద సీతాబాయి అని పెద్ద అక్షరాలతో రాసుకుంది. అక్షరాల దారిలో చెక్కను కోసి తీసేస్తే గాడి మిగులుతుంది, ఆ గాడిలో వేలు పెట్టి నడిపిస్తే చేతికి మలుపులు అలవాటవుతాయి. ఆమె దగ్గర రెండో నెంబరు బ్లేడ్లున్నాయి. వెంట్రుక కంటే కాస్త లావు, దగ్గరదగ్గర పళ్ళు. తెలుగు అక్షరం అంతా వంపులే కాబట్టి ఎంత సన్న బ్లేడైతే అంత బాగా తిరుగుతుందనుకుంది. నిజంగానే తిరిగింది. రెండు గంటల్లో నాలుగు అక్షరాలూ కోసి, వెనక ఇంకో ముక్క అంటించి, మర్నాడు గర్వంగా చేతికిచ్చింది.

సీతాబాయి చూపుడువేలు గాడిలో పట్టలేదు.

ఇద్దరూ కాసేపు ఆ వేలినే చూశారు. అది నాగేశ్వరి వేలికి రెండింతలుంది. చివర గట్టిపడి, గోరు పక్కన పాత దెబ్బ మచ్చతో ఉంది. నాగేశ్వరి గాడికి తన వేలి కొలతే తీసుకుంది. అంత చిన్న సంగతి తోచనందుకు ఆమెకు సిగ్గేసింది. పైగా ప్లైవుడ్ గాడికి లోతు చాలలేదు. ఆ మొద్దుబారిన వేలికి దాని అంచే తెలియడం లేదు.

“తప్పు నాదేనండి. మళ్ళీ చేస్తాను,” అని సీతాబాయి వేలిని కాగితం మీద పెట్టించి చుట్టూ పెన్సిలు గీసుకుంది.

వడ్రంగి బాలనర్సయ్య దగ్గర ముప్పావు అంగుళం మందం టేకు పలక దొరికింది. గాడి వెడల్పు, లోతు రెండూ సరిపోతాయి. అయితే బ్లేడు ఒప్పుకోలేదు. ‘సీ’ మొదలుపెట్టి వేలెడు దూరం పోయిందో లేదో బ్లేడు టప్పున తెగింది. ఇంకోటి బిగించింది, అదీ తెగింది. మూడోది తెగలేదు గాని కోత దగ్గర చెక్క కమిలి నల్లబడి పొగ వాసన వచ్చింది. ఆ పూటకు ఏడు బ్లేడ్లు పోయాయి. సుబ్రహ్మణ్యం ఫ్యాక్టరీ నుంచి వచ్చి ముక్కలు ఏరి చేతిలో పెట్టుకున్నాడు.

“మెల్లగా తొక్కు. తొందరపడుతున్నావు.”

“తొక్కడంలో తేడా లేదండీ,” అంది ఆమె. “ఇది చూడండి. పళ్ళ మధ్య పొట్టు ఎలా ఇరుక్కుపోయిందో. ఇంత మందం చెక్కలో ఒకేసారి ఇన్ని పళ్ళు కరుచుకుంటే పొట్టు బయటికి పోయే దారేదీ? ఊపిరాడక కాలిపోతోంది. పలచటి చెక్కకు దగ్గర పళ్ళు, మందం చెక్కకు ఎడంగా ఉండే పళ్ళు కావాలి. మా నాన్న చెప్పేవారు, నేనే మర్చిపోయాను.”

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి సికింద్రాబాదు రాణీగంజ్ వెళ్ళింది. ఇనుప సామాన్ల కొట్లు మూడు తిరిగాక నాలుగో కొట్టులో డజను డజనుగా తీగతో కట్టిన బ్లేడ్ల కట్టలు బయటపెట్టారు. కొట్టాయన అన్నిటికంటే సన్నవి ముందు పెట్టి, ఆడవాళ్ళ పనికి ఇవే మంచివన్నాడు. ఆమె వాటిని పక్కకు జరిపి, తనతో తెచ్చిన టేకు ముక్క అంచుకు ఒక్కో బ్లేడునూ ఆనించి, ఆ మందంలో ఎన్ని పళ్ళు పడుతున్నాయో లెక్కపెట్టింది. మరీ తక్కువైతే చెక్క అదురుతుంది, మరీ ఎక్కువైతే కాలుతుంది. చివరికి పళ్ళు ఎడంగా ఉన్న ఏడో నెంబరు తీసుకుంది. వేలి కొనతో పళ్ళ మీద మెల్లగా రాసి, ఏ వైపు గీసుకుంటోందో చూసి, కట్టకు ఆ వైపున దారం చుట్టింది. పళ్ళ మొనలు ఎప్పుడూ కిందికి చూడాలి, లేకపోతే బ్లేడు చెక్కను బల్ల మీంచి ఎగరేస్తుంది. కొట్టాయన ఇక మాట్లాడకుండా కట్ట కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఏడో నెంబరు టేకును వెన్నలా కోసింది. నాగేశ్వరి ఆ సాయంత్రం పాట పాడుకుంటూ ‘సీ’ పూర్తిచేసింది. మర్నాడు ‘తా’ దగ్గర కొత్త చిక్కు వచ్చిపడింది. ప్రతి అక్షరానికీ ముందు ఒక చిల్లు వేయాలి. బ్లేడును పై బిగింపులోంచి విప్పి, చిల్లులోంచి దూర్చి, మళ్ళీ బిగించాలి. బిగించిన రెండు నిమిషాలకే బ్లేడు జారిపోయేది. బిగింపు మర గట్టిగా తిప్పితే కాసేపు నిలిచేది, అంతలోనే కోత పక్కకు వాలిపోయేది. గాడి పైన వెడల్పు, కింద ఇరుకు. కర్రచేతులకు నూనె వేసింది. బల్ల మీద కొవ్వొత్తి మైనం రుద్దింది. బల్లకు బ్లేడు నిటారుగా ఉందో లేదో అగ్గిపెట్టె నిలబెట్టి చూసింది. అంతా సరిగానే ఉంది. మీటింగుకు ఇక పది రోజులే ఉన్నాయి.

ఆ సాయంత్రం సీతాబాయి వచ్చేసరికి ఆమె నాలుగోసారి బ్లేడు బిగిస్తోంది. సీతాబాయి అరుగు దిగి, రంపం దగ్గరికొచ్చి నిలబడి విన్నది.

“జర ఆగు. ఆ తీగను ఒక్కపారి మీటు.”

నాగేశ్వరి బ్లేడును గోటితో మీటింది. మొద్దుగా, చచ్చుగా ఒక చప్పుడు వచ్చింది.

“ఇంక బిగియ్యి. మల్ల మీటు.”

బిగించి మీటింది. చప్పుడు కొంచెం పైకెక్కింది, కాని మోగలేదు.

“గట్ల గాదు. మేము రాయి పగలగొట్టాలంటే వరసగా మేకులు దిగ్గొడుతం గదా. ఒక్కొక్క దెబ్బకు సప్పుడు మారుకుంట వస్తది. అన్ని మేకులు ఖంగుమని ఒక్కతీరు మోగితేనే రాయి పగులుతది. ఏదన్న ఒకటి మొద్దుగ అన్నదంటే దాని కింద రాతిపొడి చేరినట్టు. తీసి ఊది మల్ల కొడుతం.” ఆమె వంగి కింది బిగింపును తట్టింది, తర్వాత పై బిగింపును తట్టింది. “కిందిది మంచిగనే ఉన్నది. మీదిదే చెడ్డది. దాని నోట్ల ఏదో ఉన్నది.”

నాగేశ్వరికి మొదట కాస్త కోపం వచ్చింది. రంపం తను కట్టుకున్నది, ఎక్కడ ఏముందో తనకు తెలియదా? అయినా మర విప్పింది. బిగింపు లోపల, రెండు ఇనుప దవడల మధ్య, మైనమూ రంపపు పొట్టూ కలిసి పలచటి పొరలా పేరుకుని ఉంది. దాన్ని గీకేశాక దవడలు కనిపించాయి. బ్లేడు జారీ జారీ అవి అద్దంలా నున్నగా అరిగిపోయాయి. ఇక పట్టెక్కడ దొరుకుతుంది?

“మైనం నేనే రుద్దానండి,” అంది మెల్లగా. “బల్లకు మంచిదని రుద్దాను. ఇక్కడికి పాకింది.”

“ఇగ దానికేం ఫికర్ జేస్తవ్? నున్నగైనదాన్ని గరుకు జేస్తే అయిపాయె.”

సీతాబాయి కొంగు ముడిలోంచి ఉలులు నూరుకునే చిన్న రాయి తీసింది. దవడలను మోకాలి మీద పెట్టుకుని, అడ్డంగా నాలుగుసార్లు, ఏటవాలుగా నాలుగుసార్లు గీసింది. పలక మీద బలపం పట్టలేని ఆ చేయి ఇక్కడ వెంట్రుకవాసి తప్పలేదు. నాగేశ్వరి దవడలను గుడ్డతో తుడిచి బిగించింది. బ్లేడును మీటింది.

అది ఖంగుమంది.

“ఆఁ! గిట్ల మోగాలె,” అంది సీతాబాయి.

ఆ రోజు నుంచి నాగేశ్వరి పని మొదలుపెట్టే ముందు బిగింపులు విప్పి తుడిచేది, బ్లేడు మీటి చూసేది, అయిపోయాక బ్లేడును వదులు చేసి ఉంచేది. రెండు రోజుల్లో ‘తా’, ‘బా’, ‘యి’ పూర్తయ్యాయి. ‘యి’ మీది గుడి లోపల ఉన్న చిన్న గుండ్రటి ముక్క ఊడి కిందపడితే, పోకుండా తీసి, వెనక అంటించిన పలక మీద దాని చోట్లో జిగురుతో నిలబెట్టింది. గాడి అంచులన్నీ గరుకు కాగితంతో రుద్ది ఇచ్చింది.

సీతాబాయి వేలు ఈసారి గాడిలో సరిగ్గా కూర్చుంది. ఆమె కళ్ళు మూసుకుని మొదటి వంపు ఎక్కింది, దిగింది, దీర్ఘం దాకా పోయి ఆగింది.

“నా పేరు ఇంత వంకర టింకరగ ఉంటదా?” అని గట్టిగా నవ్వింది.

ఆ చెక్కపలకను ఇంటికి పట్టుకుపోయింది. గుట్ట దగ్గర అన్నం తినే వేళ ఒళ్ళో పెట్టుకుని వేలు తిప్పుకునేది. మూడు రోజులు తిరిగేసరికి బొగ్గు ముక్కతో పగలగొట్టిన రాళ్ళ మీద రాయడం మొదలుపెట్టింది. ఆ వారం కొండాపూర్ నుంచి పునాదులకు పోయిన రాళ్ళ బండిలో సగం రాళ్ళ మీద ఆమె పేరుందని పనివాళ్ళు చెప్పుకున్నారు. బొగ్గు తర్వాత పెన్సిలు, పెన్సిలు తర్వాత పెన్ను వచ్చాయి. పెన్ను సన్నగా ఉండి జారుతోందంటే నాగేశ్వరి టేకు ముక్కకు చిల్లు వేసి పెన్నుకు లావుపాటి తొడుగు చేసింది.

మీటింగు నాడు నాగేశ్వరి కూడా గ్రామసేవిక హోదాలో వెళ్ళింది. గుమస్తా రామచంద్రం తీర్మానాల పుస్తకం తెరిచి ఒక్కొక్కరి ముందుకీ తిప్పాడు. సీతాబాయి దగ్గరికి వచ్చేసరికి అలవాటుగా సిరా డబ్బా కూడా జరిపాడు.

“అది తియ్యి రామచంద్రం. నేను రాస్త.”

“మంచిదే గదమ్మా. రాయుండ్రి,” అన్నాడతను. అతని గొంతులో ఆశ్చర్యమే తప్ప ఎగతాళి లేదు.

ఆమె పెన్ను తీసుకుంది గాని, కాగితం మీద పెట్టలేదు.

“సంతకం వెట్టినంక ఇది నా మాట గదా?”

“అవును.”

“అయితే దీంట్ల ఏమున్నదో సదువు. పోయినసారి వేలు నీదన్నట్టు నువ్వు వట్టుకున్నవ్, నేను అడగలే. ఇయ్యాల చెయ్యి నాది.”

సర్పంచు నవ్వాడు. రామచంద్రం గొంతు సవరించుకుని చదివాడు. వేసవికి ఒక బావి తవ్వించాలని తీర్మానం. సీతాబాయి చివరిదాకా విని అడిగింది:

“యాడ తవ్వాలె? నువ్వు సదివిన దాంట్ల లేదు.”

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రాళ్ళు కొట్టేవాళ్ళ వాడలో అని మాట్లాడుకున్నదే, అందరికీ తెలిసిందే. తెలిసిందే కదా అని ఎవరూ రాయమనలేదు. రామచంద్రం పుస్తకాన్ని మళ్ళీ తన వైపు తిప్పుకుని, చోటు పేరు రాసి, సర్పంచు చేత పక్కన పొడి సంతకం చేయించాడు. ఆ తర్వాత సీతాబాయి రాసింది. మూడు నిమిషాలు పట్టింది. ‘బా’ మిగతావాటికంటే లావుగా వచ్చింది, ‘యి’ గీత దాటి కిందికి దిగింది. ఎవరూ తొందరపెట్టలేదు. నాగేశ్వరి మాత్రం కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. సీతాబాయి మొహం చూస్తే ఏడుపొస్తుందేమోనని ఆమెకు భయం వేసింది.

మార్చి నెల దాటకముందే వాడలో బావికి నీళ్ళు పడ్డాయి. రాయి తగిలిన చోట పగలగొట్టింది సీతాబాయీ, ఆమె వాడవాళ్ళే.

బావి పని అయిన వారానికి ఆమె మళ్ళీ నాగేశ్వరి ఇంటికి వచ్చింది. ఈసారి వెంట ఇద్దరు ఆడవాళ్ళను తెచ్చింది. వాళ్ళకూ పేర్లు కావాలట.

“మరి మీకండి?” అంది నాగేశ్వరి. “అ, ఆ నుంచి వరసగా అక్షరాలన్నీ కోద్దామా?”

“అ, ఆలు తరువాత జూద్దాం. ఆ పుస్తకంల మాటిమాటికి ఒక మాట వస్తది జూడు, తీర్మానం అని. ముందుగాల అది కొయ్యి. గుమస్తా సదవకముందే నేను గుర్తువట్టాలె.”

నాగేశ్వరి టేకు పలక తీసి పెన్సిలుతో ‘తీ’ రాయడం మొదలుపెట్టింది.