పష్మీనా చిరుగు

కోటు చంక దగ్గరి చిల్లిని వేలితో వెడల్పు చేసి, ముక్కు పక్కకు తిప్పుకుని, మహబూబున్నీసా సూది దించింది. చెమట, నశ్యం, ఎప్పటిదో మాంసం పులుసు. ఉన్నిని పురుగు ఊరికే తినదు. మనిషి మురికి అంటిన చోటే కొరుకుతుంది. చిత్తూరు కోర్టు వీధిలో ఏ పెద్దమనిషి తిన్న చెయ్యి ఎక్కడ తుడుచుకుంటాడో ఆమెకు తెలుసు.

ఎనిమిదో ఏట తండ్రి దగ్గర రఫూ, చిరుగు కనపడకుండా పోగుతో అల్లే పని, నేర్చుకుంది. ఇప్పుడు యాభై దాటినా, సుందరరాజు లాండ్రీ అరుగు మీద కూర్చుని అదే పని. కంపు మాత్రం అలవాటు కాలేదు. సీకాయతో ఎంత రుద్దుకున్నా ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. అందుకే చెంచాతో తింటుంది. ఇరుగుపొరుగు నవ్వుతారు.

పది గంటలకు రైసుమిల్లు చెంగల్రాయుడి భార్య మునిలక్ష్మి వచ్చి బల్ల మీద కూర్చుంది. ఆయన పష్మీనా శాలువా మళ్లీ తెచ్చింది. చలికాలం మొదలయ్యాక ఇది మూడోసారి. మీగడ రంగు శాలువా. చేతిలో పెడితే బరువు తెలియదు, వెచ్చదనమే తెలుస్తుంది. అంత మెత్తటి ఉన్ని మీద మెడ దగ్గర తలనూనె జిడ్డు, బ్రాందీ వాసన. మహబూబున్నీసా దాన్ని ముఖానికి దూరంగా పట్టుకుంది.

తలుపు మేకు తగిలి చిరిగిందని మునిలక్ష్మి చెప్పింది. మేకుకు చిరిగితే గీత గీసినట్టు ఉంటుంది. ఇక్కడ భుజం దగ్గర పోగులన్నీ సాగి ఉన్నాయి, ఎవరో గుప్పిటతో పట్టుకుని పెనుగులాడినట్టు. వాటి మధ్య ఆకుపచ్చ గాజుముక్క. మహబూబున్నీసా దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుంది.

"మేకు గాజులేసుకోదు గదమ్మా."

మునిలక్ష్మి కొంగు ముంజేతి మీదికి లాక్కుంది. సాయంత్రం విందుకు ఆయన కప్పుకోవాలనీ, చిరుగు కనపడితే ఊరుకోడనీ మెల్లగా చెప్పింది.

అంచులోంచి పోగు లాగి మహబూబున్నీసా పని మొదలుపెట్టింది. ఆమె కుట్టాక చిరుగు ఎక్కడుండిందో ఎవరూ చెప్పలేరు. భర్త ఉన్నన్నాళ్లూ తన రవికెలూ అలాగే కుట్టుకునేది. ఎమర్జెన్సీ ఏడు భర్త కాశింవలి పోతే, అంత నెమ్మదస్తుడు ఉండడని వీధంతా ఏడ్చింది. ఆ ఏడుపు గుర్తొచ్చి సూది ఆగింది.

"నా చెయ్యి సూస్తే నాకే అసయ్యంగా ఉండాదమ్మా. నేను కుట్టబట్టే గదా, ఆయన మళ్లా చెయ్యి చేసుకుంటా ఉండేది."

మునిలక్ష్మి నడుముకున్న తాళంచెవులు తడుముకుంది.

"పాకాల బండి ఎన్నింటికి బూబమ్మా? ఆడ మా అక్క ఉండాది."

పన్నెండుంబావుకని మహబూబున్నీసా చెప్పింది. శాలువా పక్కన పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెనక తొట్టి దగ్గరికి పోయింది. చాలాసేపు రుద్దుకుంది. తిరిగి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. ఆయమ్మ ఉత్తచేతులతో స్టేషను దోవన పోయిందని, రిక్షా పిలుస్తానన్నా వద్దనిందని సుందరరాజు చెప్పాడు.

మహబూబున్నీసా శాలువా ఒళ్లోకి తీసుకుని, వేసిన కుట్లను ఒక్కొక్కటిగా ఊడదీసింది. చిరుగు మళ్లీ నోరు తెరిచింది. దాన్ని అలాగే మడిచి చెంగల్రాయుడి ఇంటికి పోయే బట్టల్లో పెట్టింది.

బల్ల మీద, మునిలక్ష్మి కూర్చున్న చోట, నడుముకు దోపుకునే వెండి కొక్కెం ఉంది. దానికి ఏడు తాళంచెవులు. వీధి తలుపుది అన్నిటికన్నా పెద్దది, చేతుల్లో అరిగి అరిగి నున్నగా మెరుస్తోంది.