అర్లో మాస్టారి చెవి

మంగళవారం సాయంత్రం చర్చి కింద హాల్లోకి మెట్లు దిగుతుంటేనే నాకు కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. పాట సాధన అయ్యాక సంఘం సమావేశం. ఆ సమావేశంలో నేను లేచి, అర్లో సాండ్‌విక్ గారూ, ఇంక మీరు తప్పుకోండి అనాలి.

మాది వాయిద్యాల్లేని పాట, నాలుగు రకాల గొంతులే. పైన టెనర్, పాటని మోసే లీడ్, మధ్యలో ఖాళీలు పూడ్చే బారిటోన్, అడుగున బేస్. నేను బారిటోన్. ఇంకెవరూ ఒప్పుకోలేదని అధ్యక్ష పదవి కూడా నా మెడకే తగిలించారు. అర్లో మాస్టారు మా ఊరి బడిలో బ్యాండు నేర్పి రిటైరై, ఆ తర్వాత మా బృందాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మాలో సగంమంది ఆయన కింద ట్రంపెట్లూ ట్రాంబోన్లూ ఊది దెబ్బలు తిన్నవాళ్ళమే. మా మిన్నెసోటా రాష్ట్రం మొత్తంలో అంత బాగా పాడించే మనిషి లేడని మేం ఒకప్పుడు నలుగురి ముందూ గొప్పలు పోయేవాళ్ళం.

రెండేళ్ళుగా కథ మారింది. టెనర్లు ఎంత పాడినా ఆయనకి ఆనడం లేదు. "పైన ఎవరైనా ఉన్నారా, అందరూ నిద్రపోయారా?" అని కేకలేసేవాడు. వాళ్ళు ఇంకా గట్టిగా పాడేవాళ్ళు. ఇంకా, ఇంకా అని చెయ్యి పైకి ఎగరేసేవాడు. శరదృతువు పోటీల్లో మా పాట అరుపుల్లో కలిసిపోయింది. న్యాయనిర్ణేతలు మర్యాదగానే చెప్పారుగాని, మొహాలు చూస్తే తెలిసింది. టెనర్లలో పెద్దవాడు వెండెల్. మాస్టారి చెల్లెలి మొగుడు. ఆ పోటీ తర్వాత వారంపాటు వాడికి గొంతు పెగల్లేదు.

మొన్న శనివారం కాఫీ హోటల్లో కమిటీ వాళ్ళం నలుగురం కూచున్నాం.

"నువ్వే చెప్పాలి లైల్," అన్నాడు గేలెన్. మా బేసుల్లోకెల్లా భారీ మనిషి. పాడిపశువులున్నాయి వాడికి.

"నేనే ఎందుకు? నువ్వూ ఆయన శిష్యుడివేగా?"

"నాకు ట్రాంబోన్ నేర్పాడు. నీకు ట్రంపెట్. ట్రంపెట్ వాళ్ళంటే ఆయనకి ముద్దు."

వెండెల్ కాఫీ కప్పులోకి చూస్తూ కూచున్నాడు. "నన్ను మాత్రం అడగకండ్రా. నేను ఆ ఇంటి అల్లుణ్ణి. క్రిస్మస్‌కి ఆ బల్ల దగ్గరే కూచోవాలి."

అలా ఆ బరువు నామీద పడింది. అప్పట్నుంచీ నాకు తిండి సయించలేదు. అద్దం ముందు గెడ్డం గీసుకుంటూ మాటలు పేర్చుకోవడం, వాటిని మళ్ళీ చెరిపేసుకోవడం.

ఆ మంగళవారం చలి మామూలుది కాదు. బూట్లన్నీ గోడవారగా మంచు కారుతూ వరసగా ఉన్నాయి. మేం పాడే మెట్లబల్లల మీదకి ఎక్కేసరికి పైన ఎక్కడో కీచుమంది.

"అదేంట్రా, పిట్ట దూరిందా?" అన్నాడు వెండెల్.

"పొగ అలారం. బ్యాటరీ అయిపోవస్తే ఇలాగే కూస్తుంది," అన్నాను.

"పీకెయ్యండి మరి."

"నిచ్చెన గదికి తాళం. తాళంచెవి పాస్టర్ దగ్గర. పాస్టర్ ఫార్గో ఊరు వెళ్ళాడు."

"బావుంది. దాన్ని కూడా టెనర్లలో చేర్చుకుందాం," అన్నాడు గేలెన్.

మాస్టారు వచ్చాడు. కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. శ్రుతి అందించే చిన్న పీక ఊది, చెయ్యెత్తాడు. మొదలుపెట్టాం. పాట మధ్యలో కీచ్. ఎవడో ఉలిక్కిపడి పదం తప్పాడు. మళ్ళీ మొదలు. మళ్ళీ కీచ్. ఈసారి లీడ్లలో ఇద్దరు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"ఏమయ్యా, ఒళ్ళంతా చీమలు పాకుతున్నాయా మీకు? నిలబడలేరా?" అన్నాడు మాస్టారు. "వెండెల్, నీ గొంతు ఎక్కడుంది? ఇంట్లో వదిలేసొచ్చావా?"

వెండెల్ ఇంకా గట్టిగా అందుకున్నాడు.

చివరి వరసకి వచ్చాం. అక్కడ గొంతులన్నీ తగ్గించి, ఊపిరంత చిన్నగా ముగించాలి. ఆ రోజు ఎందుకో చాలా బాగా కుదిరింది. మాస్టారి చెయ్యి గాల్లో ఆగింది. ఎవరూ కదల్లేదు. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో కీచ్.

గేలెన్‌కి నవ్వాగలేదు. వాడు నవ్వితే మెట్లబల్ల ఊగుతుంది. దాంతో అందరం పడిపడి నవ్వేశాం. మాస్టారి మొహం ఎర్రబడింది.

"ఏంటి అంత జోకు? నాక్కూడా చెప్పండి."

అందరి కళ్ళూ పైకెళ్ళాయి. ఆయనా పైకి చూశాడు. కప్పుకి అతికించిన తెల్లటి డబ్బా, దానిమీద చిన్న ఎర్రదీపం. అది వెలిగి ఆరింది. అప్పుడే మేం ముఖం చిట్లించాం. ఆయన మమ్మల్ని చూశాడు. మళ్ళీ దీపాన్ని చూశాడు. నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో తెలీదు. అందరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఉలిక్కిపడకూడదు అని నేను పళ్ళు బిగించాను. దీపం వెలిగింది. వెండెల్ భుజం అదిరింది.

"ఇది మోగుతోందా?" అన్నాడు మాస్టారు.

"అవును బావా," అన్నాడు వెండెల్.

"ఎప్పట్నుంచి?"

"మేం వచ్చినప్పట్నుంచీ."

"గట్టిగానా?"

"చెవులు చిల్లులు పడేట్టు," అన్నాడు వెండెల్.

మాస్టారు తలాడించాడు. "సరే, రెండో పాట," అన్నాడు.

రెండో పాటా పాడాం, మూడోదీ పాడాం. టెనర్లని ఒక్క మాట అనలేదు. ఆయన తిట్టి ఉంటే బాగుండుననిపించింది. చెయ్యి మాత్రం ఎప్పట్లాగే ఆడుతోంది, కళ్ళు మా నోళ్ళమీద తిరుగుతున్నాయి. ఇన్నాళ్ళూ ఆయన మమ్మల్ని చూసి పాడించాడు, విని కాదు. అది అప్పుడు తట్టింది నాకు.

సమావేశానికి కుర్చీలు గుండ్రంగా వేశాం. నిమ్మ బిళ్ళలూ కాఫీ అందుకున్నారు. పోయిన వారం సంగతులు చదివి ఆమోదించాం. తర్వాత ప్రేమికుల రోజున అడిగినచోటికి వెళ్ళి పాడే నలుగురి జట్లు. ఎవరు వృద్ధాశ్రమానికి, ఎవరు హైస్కూలుకి అని వాదన. పాటలకి వేసుకునే చేతుల్లేని ఎర్రకోటు తనకి బొత్తాలు పట్టడం లేదని గేలెన్ గొడవ. "కోటు కాదు, నువ్వే పట్టడం లేదు," అన్నాడెవరో. ఎప్పట్లాగే నవ్వులు. కాని ఎవరూ కుదురుగా లేరు. కుర్చీలు కిర్రుమంటూనే ఉన్నాయి.

"కొత్త విషయాలేమన్నా ఉన్నాయా?" అని కార్యదర్శి అడిగాడు. కమిటీ వాళ్ళు ముగ్గురూ నావైపు చూడకుండా చూశారు.

లేచాను.

"మార్చిలో మన పాన్‌కేకుల విందు ఉంది కదా, దానికి పిండి..."

"లైల్," అన్నాడు మాస్టారు. "పాన్‌కేకులు ఎక్కడికీ పోవు. చెప్పాలనుకున్నది చెప్పు."

"ఏం లేదు మాస్టారూ..."

"శనివారం కాఫీ హోటల్లో కూచున్నారుగా. మా చెల్లెలు చెప్పింది. నిన్ననంతా ఎదురుచూశాను, ఫోనన్నా చేస్తావేమోనని. ట్రంపెట్ పట్టిన రోజుల్లోనూ నువ్వింతే. ఊపిరి నిండా పీలుస్తావు, ఊదవు."

వెండెల్ చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. నేను పేర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"మాస్టారూ, మీరు మాకు పాడించడం మానెయ్యాలి," అన్నాను. "మీకు పై గొంతులు వినబడటం లేదు. వాళ్ళ గొంతులు పాడవుతున్నాయి."

ఎవరో కప్పు కింద పెట్టిన చప్పుడు.

"చెవిమిషను కొన్నాను," అన్నాడాయన. "కారు సొరుగులో పడుంది, ఏడాదైంది. పెట్టుకుంటే మాటలు బాగానే వినిపిస్తాయి. పాట మాత్రం రేకుడబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంటుంది. నాలుగు గొంతులూ సరిగ్గా కలిసినప్పుడు పైన ఇంకో స్వరం మోగుతుంది చూడండి, ఎవరూ పాడంది. అది నాకు వినబడక చాన్నాళ్ళైంది. మీ మొహాలు చూసి, ఆఁ, మోగింది అనుకునేవాణ్ణి." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇవాళ ఆ పొగ అలారం దగ్గర అదే పని చేశాను."

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని కార్యదర్శి వైపు తిరిగాడు.

"సరే. తీర్మానం పెట్టాడు కదా. బలపరిచేదెవరు?"

ఒక్క చెయ్యీ లేవలేదు.

"ఎవరో ఒకళ్ళు ఎత్తండయ్యా! ఈ చలికి నా కారు స్టార్టవదు తర్వాత."

చివరికి వెండెల్ చెయ్యెత్తాడు. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "నేను బలపరుస్తున్నా బావా," అన్నాడు. ఓటింగులో అందరి చేతులూ లేచాయి, మాస్టారిది కూడా. ఆయన కోటు తొడుక్కుని, శ్రుతి పీక జేబులో వేసుకున్నాడు. "ఇది నాది," అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

పళ్ళ డాక్టరు మార్లిన్ ఫోస్‌ని ముందు నిలబెట్టాం. మంచివాడే. మరీ మంచివాడు. తప్పు పాడితే నొప్పి పుట్టకుండా పన్ను పీకుతున్నట్టు మెల్లగా చెప్పేవాడు. టెనర్ల గొంతులు కుదుటపడ్డాయి. నాకు మాత్రం మనసు నిలవలేదు. పనిమీద పోతూ ఊరికే మాస్టారింటి మీదుగా బండి తిప్పేవాణ్ణి. వాకిట్లో మంచు ఊడ్చి ఉండేది. లోపల టీవీ వెలుగుతుండేది. రెండుసార్లు బండి ఆపాను, దిగలేదు.

మూడోసారి ఆయనే తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డాడు.

"పెట్రోలు దండగ చేస్తున్నావు, లోపలికి రా," అన్నాడు. చెవిలో మిషను ఉంది.

వంటింట్లో కూచున్నాం. ఆయన పాట ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. వాతావరణం, చెరువు మీద ఐసు ఎంత పల్చబడింది, ఎవరి ట్రక్కు ఆ ఐసులో దిగబడింది. లేవబోతుంటే, "బేసుల్లో చోటుందా?" అని అడిగాడు. "కింది స్వరాలు నాకింకా బాగానే వినిపిస్తాయి. మిషను తీసేస్తే ఇంకా బాగా."

"గేలెన్ పక్కన ఉంది మాస్టారూ. కాకపోతే వాడు చోటు మిగల్చడు."

ఏప్రిల్ మొదటి మంగళవారం వచ్చాడు. పాటల కాగితాలు చంకలో పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు బేసుల వరసలో నిలబడ్డాడు. మార్లిన్ రెండో పేజీకొచ్చేసరికి గబగబా పరిగెత్తించేశాడు. పాట ఆగింది. అందరం బేసుల వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాం.

"రెండో పేజీలో తొందరపడుతున్నావు," అన్నాడు మాస్టారు.

"తెలుసు మాస్టారూ."

"తెలిస్తే మానెయ్."

మార్లిన్‌కి చెంపలు ఎర్రబడ్డాయి. అప్పుడు మార్లిన్ గొంతు సవరించుకుని అన్నాడు: "మానేస్తాను. మీరు మాత్రం గేలెన్‌ని మింగేస్తున్నారు. కొంచెం తగ్గించండి."

మాస్టారు అతన్ని అలాగే చూశాడు.

"ఎంత తగ్గించను?" అని అడిగాడు.

"నేను చాలనేదాకా."

తగ్గించాడు. సమావేశంలో రెండు నిమ్మ బిళ్ళలు తిని, పోటీలకి అద్దె బస్సు ఎందుకు, సొంత కార్లలో పోవచ్చుగా అని వాదన మొదలుపెట్టాడు. గేలెన్ బస్సే కావాలన్నాడు. ఇద్దరూ వేళ్ళు చూపించుకుంటూ అరుచుకున్నారు. అధ్యక్షుణ్ణి కాబట్టి నేను బల్లమీద చేత్తో కొడుతూ, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు మాట్లాడండయ్యా అని అరుస్తూనే ఉన్నాను. ఇద్దరూ వినలేదు.