నేల కాలు మోపనీయని పల్లె

తూర్పుసముద్రపు గాలి యింకను మేలుకొనని ఫాల్గుణమధ్యాహ్నమున నీడలన్నియు తమ తమ తాటిమ్రాకుల మొదళ్ళనే యంటిపెట్టుకొని కదలుటకు నిరాకరించు వేళ ఒంగోలునుండి దక్షిణముగా సాగు రాజమార్గము కరగిన తారుతో నల్లని యేఱువలె మెఱయుచుండెను. ఆ మార్గమునకు చేరువనున్న మిట్టపాలెమున పచ్చాకును వేడిచే నెండించు పొగాకు బ్యారనుల యున్నతకుడ్యములనుండి వెలువడు తీపిఘాటు వాసన పల్లెనంతయు మత్తులో ముంచియుండగా, పందిరిక్రింద స్త్రీలు ఆకును కఱ్ఱలకు కట్టుచు ఎండను పొగాకును మగలను సమానముగా తిట్టుకొనుచుండిరి.

అట్టి వేళ ధూళిధూసరితగాత్రుడును శ్రమజలార్ద్రవదనుడును నగు నొక సైకిలుబాటసారి ఆ పందిరివంకకు మెల్లమెల్లగా వచ్చుచుండెను. వాని పేరు లోకనాథము. శ్రీకాకుళసీమలోని యిచ్ఛాపురమున బట్టలకొట్టు గుమాస్తా. సైకిలు ముందు జెండాయు వెనుక ‘ఇచ్ఛాపురము నుండి కన్యాకుమారికి’ అను రేకుపలకయు కట్టుకొని దేశయాత్రకు వెడలినవాడు. చదువును సగమున విడిచి, వడ్రంగమును సగమున విడిచి, తన యింటి వంటసాలగోడను నడుమెత్తున విడిచిన యా పురుషుని ఊరివారు సగం లోకనాథమని పిలుచుచుండిరి. బయలుదేరునాడు భార్య దమయంతి అటుకులమూట చేతికిచ్చి “వంటసాల గోడలాగ దీన్ని కూడా ఒదిలీకండి” అని నవ్వెను. ఆ నవ్వే వానిని యింతదూరము తరిమినది. కాని నేడు కుడిమోకాలు గుమ్మడికాయవలె వాచెను. సింగరాయకొండ స్టేషనున రైలెక్కి మరలిపోవుటకు నిశ్చయించుకొని, అంతకుముందు గ్రుక్కెడు నీరడుగుటకై పందిరికడ దిగబోయెను.

అంతలో బ్యారను పొయ్యి చూచుకొను మాలకొండయ్య జెండాను చూచెను, పలకను చదివెను, పరుగున వచ్చి సీటు పట్టుకొనెను.

“ఉండు ఉండు. కాలు కింద పెట్టబాక.”

క్రిందటి మాసమున పొరుగూర నొక సైకిలువీరుడు నేల కాలు మోపక దినములతరబడి వలయముగా తిరిగి, స్నానపానభోజనములన్నియు సీటుమీదనే సాగించుట ఆ పల్లెవారందఱు చూచివచ్చియుండిరి. జెండాయు పలకయు కట్టిన సైకిలు ఎక్కినవానికి కాలు మోపుట వ్రతభంగమని వారి దృఢవిశ్వాసము.

“నాను దిగిపోతాను బాబూ. మోకాలు పీకేస్తంది” అనెను లోకనాథము.

“అలిసినోళ్లు అట్నే అంటార్లే. ఆ సైకిలాయన గూడా నడిమధ్యలో దిగతానని ఏడిచినాడు. ఊరోళ్లు దిగనిస్తేగా.”

“నాకు పందెం గిందెం నేదు బాబూ.”

“నోరెండి ఏందేందో మాట్లాడతన్నాడు. ఆదెమ్మత్తా, మజ్జిగ తేవే.”

సైకిలు నిలిచినను నియమము చెడునేమో యని యొకరు సందేహింపగా నలుగురు దానిని చెఱియొకవైపున పట్టి బ్యారనుచుట్టు త్రిప్పసాగిరి. పలితకేశయగు ఆదెమ్మ మజ్జిగచెంబుతో ప్రక్కనే పరుగెత్తుచు “నోరు తెరువు నాయనా. నిదానం, పొలమారుద్ది” అనుచు పోసెను. వేఱొకతె గోంగూరపచ్చడి కలిపిన అన్నపుముద్దను నోటికందించుచు “మా ఇంటాయనా కాలు కింద పెట్టకుండానే తింటాడు, మంచం మీద. ఆయనకెవురూ జెండా కట్టలా” అనగా పందిరియెల్ల ఘొల్లుమనెను.

లోకనాథము నవ్వబోయి నవ్వలేకపోయెను. ఎవడో మహావీరునికై వడ్డించిన విందును తాను దొంగవలె భుజించుచున్నట్లు తోచెను. పందిరిలో కట్టవలసిన ఆకు వాడిపోవుచుండెను. పొయ్యికడ నెవ్వరును లేరు. వాడు గట్టిగా బ్రేకు నొక్కి రెండు కాళ్ళును నేల మోపెను.

పట్టినవారందఱును సైకిలును వదలిరి.

“అమ్మా, నాకే మొక్కూ నేదు. రోజూ దిగినాను. సత్రాల్లో తొంగున్నాను, అరుగుల మీద తొంగున్నాను. ఇప్పుడు టేసనుకెళ్లి రైలెక్కీసి ఇంటికెళిపోదామనుకుంటన్నాను. మా ఊర్లో నన్ను సగం లోకనాథం అంతారు. నిజిమే అంతారు.”

మాలకొండయ్య బ్యారనువంక చూచి “మంట తగ్గింది” అని మాత్రమే పలికి పొయ్యికడకు పరుగిడెను. ఆ నిందారహితమైన మాట లోకనాథమునకు తిట్టుకంటె కఠినముగా తగిలెను. ఆదెమ్మ చెంబును క్రింద పెట్టి, ఆయాసము తీర్చుకొని, వాని మోకాలిని ఒత్తి చూచెను.

“మీ ఊరు యాడుందో నాకు తెలవదు. ఆడ్నించి ఈడికి ఎన్ని తూర్లు దిగుంటావు?”

“లెక్క నేదమ్మా.”

“మరి అన్ని తూర్లూ మళ్లా ఎక్కినావా?”

“ఎక్కేను.”

“ఆ సైకిలాయన ఎక్కింది ఒక్క తూరే గదయ్యా” అని యామె తన కాళ్ళను చాచుకొని “అయినా ముందే చెప్పుండొచ్చు గదా. పరిగెత్తి పరిగెత్తి నా కాళ్లు పడిపోయినాయి” అనెను.

“ముందే సెప్పేనమ్మా. మీరు ఇంటేనా.”

ఈమాఱు పందిరి నవ్వులో లోకనాథముకూడ కలిసెను.

వాపు తగ్గువఱకు ఆ పల్లె వానిని కదలనీయలేదు. ఆదెమ్మ ఆముదము వెచ్చచేసి మోకాలికి పట్టించెను. వాడు మంచముమీద కాలు చాచుకొని స్త్రీలతోపాటు ఆకు కట్టెను. ముడులు వదులుగా వచ్చినపుడెల్ల వారు వానిని ఎగతాళి చేసిరి. మాలకొండయ్య మాత్రము ఆ ముడులను విప్పి మరల కట్టుచుండెను.

అరుణకిరణములు బ్యారనుల శిఖరములను తాకుచున్న యొక ప్రాతఃకాలమున లోకనాథము సైకిలెక్కెను. పోవలసిన దిక్కేదియో వా డెవ్వరికిని చెప్పలేదు. వారును అడుగలేదు. స్టేషనుదారియు దక్షిణమార్గమును వేఱుపడు మలుపు పందిరికి కనుచూపుమేరలోనే యుండెను. వాడు పోయి పోయి సరిగ్గా అచ్చటనే దిగెను.

పందిరిక్రింద చేతులన్నియు ఆగెను. మాలకొండయ్య పొయ్యిలో పెట్టబోవు కట్టెను పట్టుకొని అట్లే నిలిచిపోయెను. లోకనాథము సైకిలునానుకొని మోకాలిని రెండు చేతులతో రుద్దుకొనుచు స్టేషనువైపు చాలసేపు చూచెను. పిదప పంచె ఎగగట్టి, సైకిలెక్కి, దక్షిణమార్గమునకు తిరిగెను.

“మళ్లా ఎక్కినాడు. ఇదొక తూరి” అని ఆదెమ్మ తనలో తాననుకొని, వాడిపోకముందే కట్టవలసిన ఆకులోనికి చేయి చాచెను.