కరియ వెంట నడక

మా వైపు ఊళ్ళల్లో గొర్రెల మందను అమ్మితే కుక్క కూడా మందతోనే పోతుంది. దానికి వేరే బేరం ఉండదు. ఉంచుకోవాలంటే అమ్మేవాళ్ళే ముందుగా నోరు విప్పాలి. నేను విప్పలేదు. పైగా కొన్న జయరాముడు మర్యాదగా "కుక్కను నిలుపుకుంటావేమక్కా?" అని అడిగితే, "తీసకపోప్పా, దానికి సంగటి కెలికేదెవరు?" అన్నాను. మా ఆయన తిమ్మప్ప పోయి అప్పటికి మూడు నెలలు. లోకం మొత్తం మీద కోపంగా ఉండేది.

కరియ మా నల్లకుక్క. మంద మడకశిర దారి పట్టినప్పుడు నాలుగుసార్లు వెనక్కి చూసింది. నేను తలుపు వేసుకున్నాను.

ఆరేళ్ళు ముదిగుబ్బ గుట్టల్లో దాని వెనకే నడిచినదాన్ని. తిమ్మప్ప మాట్లాడే మనిషి కాదు. నా తిట్లన్నీ విన్నది కరియే, చెవులు వెనక్కి పెట్టి, ఒక్క మాటా ఎదురు చెప్పకుండా. అది మందతో పోయాక ఇంట్లో తిట్టడానికి కూడా దిక్కు లేదు. మోకాళ్ళు పట్టేశాయి, షుగరు పెరిగింది.

డాక్టరమ్మ రోజూ నడవమంది. మా ఊళ్ళో ఊరికే నడిచేవాళ్ళుండరు. రోడ్డెక్కితే చాలు, "యాడికి పోతాండావు సుబ్బరత్నమ్మా?" యాడికీ కాదంటే ఎవరు నమ్ముతారు? "మొగుడు పోయినాక మతి చెడినట్టుండాది పాపం" అని వెనక మాట. మూడో రోజు మానేశాను. కరియ ముందుంటే ఒక్కరైనా అడిగేవాళ్ళా?

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అని తెలిసీ, మడకశిర బస్సెక్కాను.

మంద వేరుశనగ పీకేసిన చేలో మేస్తోంది. కరియ దూరం నుంచే నన్ను పసిగట్టింది. పరుగున వచ్చి, కూలబడిన నా ఒళ్ళో తల పెట్టింది. సిగ్గు విడిచి ఏడ్చాను. జయరాముడు మంచివాడు. "తీసకపోక్కా. నాకింగో కుక్క ఉండాది" అన్నాడు.

మెడకు తాడు కట్టి నడిపించాను. గట్టు దాకా హుషారుగా వచ్చింది. గట్టు దాటగానే నిలబడిపోయింది. వెనక గొర్రెలు అరుస్తున్నాయి. నా వైపోసారి, మంద వైపోసారి చూస్తూ మూలగడం మొదలుపెట్టింది. ఆ మూలుగు నాకు తెలుసు. మందను అమ్మిన నాటి నుంచి నా లోపల ఉన్నది అదే. దీన్ని తీసుకుపోయి పలుకు లేని ఇంట్లో కట్టేస్తే, నా బాధ దానికి అంటించినట్టే కదా?

తాడు విప్పేశాను. కరియ మందలోకి పరుగెత్తింది. నేను బస్టాండు వైపు తిరిగాను కానీ కాళ్ళు కదల్లేదు. దాన్ని విడిచి ఇంకొక్క దినం కూడా ఉండలేననిపించింది. వెనక్కే నడిచాను.

"ఏమక్కా, ఏమన్నా మరిచినావా?" అన్నాడు జయరాముడు.

"మంద వెనక నడిచే మనిషి కావాల్నా నీకు?"

"దొరికితే మంచిదే. ఎవరుండారు?"

"నేనే."

నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. "ఇవి నీ గొర్రెలే కదక్కా. నువ్వు నా దగ్గర కూలికా?"

ఎనభై గొర్రెలున్న ఇంటి ఇల్లాలిగా బతికాను. ఏనాడూ ఒకరి దగ్గర పని అడిగినదాన్ని కాదు. తల కొట్టేసినట్టయింది. అయినా మళ్ళీ అడిగాను.