లేసు కోసే చెయ్యి

“సార్ చేతికి సరిపోయేది చూపిస్తాను. మీరు కూర్చోండమ్మా,” అన్నాడు పనిముట్ల షాపాయన.

కూర్చోమన్నది నన్ను, చూపిస్తానన్నది మా ఆయనకి. ఆ షాపులో ఆడవాళ్ళ కోసమని గోడవారగా ఒక స్టూలు వేశారు, దాని మీద పాత పేపర్లు దొంతరగా పడి ఉన్నాయి. పేపర్లు తీసి కింద పెట్టి కూర్చోబోయినదాన్ని మళ్ళీ లేచాను. కొనేది నాకు. కోసేది నేను. మా ఆయన తన జన్మలో ఒక్క మూరెడు లేసు కోసి ఎరగడు. ఆ మాట ఆయనే చెబుతాడులే అనుకున్నాను. ఆయనేమో కౌంటరు మీద మోచేతులు ఆనించి, ఈమధ్య మీ దగ్గర సరుకు తగ్గిందేమిటండీ అంటూ కబుర్లలో పడ్డాడు. నేనే వెళ్ళి ఆయన పక్కన నిలబడి, “లేసు కోసేది నేనండీ, నాకు చూపించండి,” అన్నాను. షాపాయన నా వంక ఒకసారి, మా ఆయన వంక ఒకసారి చూసి, సొరుగు లాగాడు.

లేసంటే జాకెట్టు అంచుకి కుట్టే జాలీ కాదు. సన్నని తోలు తాడు. బ్యాగుల అంచులు అల్లడానికీ, కుర్చీల సీట్లు నెయ్యడానికీ వాడతారు. పళ్ళెమంత తోలు బిళ్ళని అంచున మొదలుపెట్టి చుట్టూ చుట్టూ ఒకే వెడల్పున కోసుకుంటూ నడిమికి వస్తే, ఆ కాస్త బిళ్ళలోంచి మా ఇంటి ముందు గది నుంచి పెరటి దాకా చాలేంత తాడు ఊడి వస్తుంది. మధ్యలో చెయ్యి తడబడిందా, సన్నబడిన చోట తెగుతుంది. అతుకు వేస్తే చూసేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. మా ముందు గదిలోనే బ్యాగుల దుకాణం. వెనక వంటింటికీ స్నానాల గదికీ మధ్యనున్న సందులో నా బల్ల. పాలు పొంగితే పరిగెత్తడానికి వీలుగా ఉంటుందని అక్కడ వేయించింది అత్తయ్య. లైనింగులు అతికిస్తాను, జిప్పులు కుడతాను, అమ్ముడుపోని బ్యాగులకి బూజు పట్టకుండా తుడుస్తాను. అవి ఎవరైనా చెయ్యగలిగినవే, చేశాక ఎవరికీ కనపడనివే. లేసు మాత్రం నాది. ఇంట్లో ఇంకొకరికి రాదు, నాకూ ఒకరు నేర్పలేదు. పారేసే తోలు ముక్కలు చూసి మనసొప్పక, నాకు నేనే పట్టుబట్టి నేర్చుకున్నాను. చేత్తో ఒక చుట్ట పూర్తి చేసి మేకుకి తగిలించినప్పుడు నాకు గర్వంగా ఉంటుంది. ఉంటే తప్పేముంది?

ఇన్నాళ్ళూ మామూలు కత్తితోనే కోశాను. కత్తి మొన బల్లలో గుచ్చి నిలబెట్టి, దాని పక్కన కుడి బొటనవేలి గోరు అడ్డం పెట్టి, ఆ సందులోంచి తోలు లాగేదాన్ని. గోటికీ కత్తికీ మధ్య ఎంత ఎడముంటే లేసు అంత వెడల్పు. ఏళ్ళ తరబడి అలా నొక్కీ నొక్కీ ఆ వేలి కణుపు వాచిపోయి, చివరికి డబ్బా మూత తిప్పడం కూడా కష్టమైంది. ఆ వేలితో నొక్కడం మానెయ్యమంది డాక్టరమ్మ. మా ఆయన చెడ్డవాడేం కాదు. మర్నాడే ఇత్తడి కట్టరొకటి కొనుక్కొచ్చాడు. ఎలాంటిది కావాలని నన్ను అడగలేదు, నన్ను రమ్మనలేదు. అది కొత్తల్లుడిలా తళతళలాడుతూ వచ్చి నా బల్లమీద కూర్చుంది. పని చెబితే చాలు అలక. ఒక చోట తాడు, ఒక చోట దారం. ఎన్ని బిళ్ళలు పాడుచేశానో.

మా లేసుకి ముఖ్యమైన గిరాకీ పాత కుర్చీలు బాగుచేసే ఆవిడ. మేం కుర్చీలావిడ అంటాం. ఇత్తడి కట్టరుతో కోసిన చుట్టని ఆవిడ వేళ్ళ మధ్య జార్చి చూసి, తిరిగి మా ఆయన చేతిలో పెట్టేసింది. ఎందుకని ఆయన అడిగితే అంది, సీటు మీద మనుషులు కూర్చుంటారండీ, ఇది తెగితే పోయేది నా పేరు అని. ఇంకొక్కసారి చూసి, అప్పుడూ ఇలాగే ఉంటే మిషన్ లేసు కొనుక్కుంటానని చెప్పి వెళ్ళిపోయింది. ఆవిడ రేపు వస్తుంది. ఆవిడ వెళ్ళిన సాయంత్రం మా ఆయన నాతో చాలా నెమ్మదిగా, ఎంతో దయగా మాట్లాడాడు.

“పనిముట్టుది తప్పేం లేదు. నీ చెయ్యే మునుపట్లా లేదు. ఇక లేసు బయటే కోయిద్దాం. నువ్వు హాయిగా రెస్టు తీసుకో.”

మా ఇంట్లో నాకు రెస్టంటే ఒక పని తీసేసి ఆ ఖాళీలో మూడు పనులు పెట్టడం. మేడమీద గది ఊడ్చడం ఎప్పటినుంచో వాయిదా పడుతోందని అత్తయ్య ఆ క్షణంలోనే గుర్తుచేసుకుంది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. చెయ్యి మునుపట్లా లేదట. ఆ చెయ్యి మునుపు ఎలా ఉండేదో ఈయనకి తెలుసా? ఇంకో కట్టరు నేనే చూసి తెచ్చుకుంటాననీ, అదీ కుదరకపోతే మీ ఇష్టమనీ అన్నాను. ఈ షాపులో నా చేతికి తగినది దొరక్కపోతే రేపటి నుంచి లేసు నాది కాదు.

షాపాయన కౌంటరు మీద గుడ్డ పరిచి మూడు రకాలు పెట్టాడు. మొదటిది తుపాకీలా పిడి ఉన్నది. చూడగానే మా ఆయన ముచ్చటపడి చేతిలోకి తీసుకున్నాడు. అది బెల్టులు కోసేది. తిన్నగా పోతుందే తప్ప గుండ్రంగా తిరగదు. పక్కన పెట్టించాను. రెండోది మొత్తం ఉక్కు. నాజూకుగా ఉంది గానీ వెడల్పు బిగించే మర లూజుగా ఉంది, నాలుగు బారలు కోసేసరికి జారిపోయే రకం. మూడోది కర్రది, సబ్బు బిళ్ళంత ఉంటుంది. నడుమ ఒక గాడి, గాడిలో చిన్న బ్లేడు, దాన్ని పట్టి ఉంచడానికి రెండు మరలు. గుప్పిట్లో ఒదిగిపోయింది, బొటనవేలితో నొక్కక్కర్లేదు. ఆయన ఇచ్చిన అట్టముక్క వద్దని, సంచిలోంచి నా తోలు బిళ్ళలు తీశాను. తోలు మీద చూడకుండా తోలు పనిముట్టు ఎలా కొంటాం?

ముందు ఉక్కుదాంతో లాగాను. వంకర. కర్రదాంతో లాగాను. ఇంకా వంకర. లేసు పాములా మెలికలు పోతూ వచ్చి పుటుక్కున తెగింది. వాచిన వేలు సలుపుతోంది. రంపం బ్లేడు కోసం వచ్చిన ఒకాయన తన పని మానేసి మరీ చూస్తున్నాడు. ఇంకో బిళ్ళ తీశాను. అదీ అంతే. కొందరికి చేత్తో కుదరదమ్మా, మిషనే మేలు అన్నాడు షాపాయన, ఓదార్పుగానే. మా ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడం నాకు వినపడింది. ఆయన అన్నదే నిజమేమో, చెయ్యి పోయిందేమో అనిపించి, ఆ కర్ర కట్టరు కింద పెట్టేయబోతూ నా చేతుల వంక చూసుకున్నాను.

నేను కుడి చేత్తో లాగుతున్నాను.

నాది పుర్రచేతి వాటం. పుట్టింట్లో దాని గురించి ఎవరూ పట్టించుకోలేదు. కాపురానికి వచ్చిన కొత్తల్లో, ఇంటికొచ్చిన వాళ్ళకి ఎడమ చేత్తో మంచినీళ్ళ గ్లాసు అందించబోతే అత్తయ్య గరిటె కాడతో నా మణికట్టు మీద చిన్నగా తట్టింది. నొప్పి పుట్టేలా కాదు, అందరికీ కనపడేలా. ఆ తర్వాత రాసినా, వడ్డించినా, తాళం తీసినా, నలుగురి ముందు కుడి చెయ్యే. సందులో నా బల్ల దగ్గర, ఒక్కదాన్నే ఉన్నప్పుడు మాత్రం లేసుని ఎడమ చేత్తో లాగేదాన్ని. అడుగుల చప్పుడైతే ఆ చెయ్యి తనంతట తనే ఆగిపోయేది. కత్తి వదిలేసి లేచి, ఏం కావాలండీ అనేదాన్ని. అలా ఎంత అలవాటైపోయిందంటే, నా బతుకుతెరువు తేలే చోట, నా ఒక్క విద్యకి పరీక్ష జరుగుతుంటే, ముగ్గురు మగవాళ్ళు చూస్తున్నారని లాగే చెయ్యికి కట్టరు పట్టుకునే పని ఇచ్చి, చేతకాని చేత్తో లాగుతున్నాను. ఇత్తడి కట్టరు అలక కూడా అప్పుడే బోధపడింది. దాని బ్లేడు ఒక పక్కకి వాలి ఉంటుంది, తాడు కొస కుడివైపు నుంచే బయటికి వస్తుంది. కుడి చేత్తో లాగేవాళ్ళ కోసం చేసిన దాన్ని నేను ఎడమ చేత్తో లాగుతుంటే, తోలు గాడిలోంచి పైకి లేచిపోక ఏం చేస్తుంది? తప్పు నా వేలిదనుకుని ఇన్నాళ్ళు కుమిలిపోయాను.

స్క్రూడ్రైవర్ అడిగాను. కర్ర కట్టరు మరలు విప్పి, బ్లేడు బయటికి తీసి, అటుదిటు తిప్పి పెట్టాను. గాడి రెండువైపులా తెరిచే ఉంది, చక్కగా కూర్చుంది.

“అలా ఎవరూ బిగించరమ్మా,” అన్నాడు షాపాయన.

“నేను బిగిస్తాను,” అన్నాను.

కట్టరు కుడి గుప్పిట్లోకి తీసుకున్నాను. కొత్త బిళ్ళ అంచున కొంచెం చీల్చి, ఆ కొస గాడిలో దూర్చి, ఎడమ చేత్తో పట్టుకున్నాను. నలుగురి ముందు ఆ చెయ్యి ముందుకు చాపితే మణికట్టు చురుక్కుమన్నట్టనిపించింది. లాగాను. బిళ్ళ తనంతట తాను తిరగడం మొదలుపెట్టింది. సన్నగా, సమంగా, ఒక్క మెలిక లేకుండా లేసు వస్తూనే ఉంది. కౌంటరు మీద పడింది, అంచు దాటింది, నేల మీద చుట్టలు చుట్టుకుంది. బిళ్ళ రూపాయంత అయ్యేదాకా ఆపలేదు. ఒంట్లో ఎక్కడో ముడిపడి ఉన్నదేదో విడిపోతున్నట్టుంది. నవ్వు వచ్చేసింది నాకు. రంపం బ్లేడాయన వంగి లేసు కొస అందుకుని లాగి చూసి, గట్టిదే అన్నాడు. షాపాయన ఆ కట్టరుని కాగితంలో చుట్టబోతే వద్దన్నాను, చేతిలోనే ఉంచుకున్నాను.

ఇద్దరం బయటికి వచ్చి వీధి మలుపు దాకా నడిచాం. అక్కడ మా ఆయన ఆగి అడిగాడు.

“నువ్వు ఎడమ చేత్తో కోస్తావా?”

ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నాడు. ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం. నేను కోసిన లేసుతో అల్లిన బ్యాగుల్ని మా చేతిపనండీ అని అందరికీ చూపించాడు. ఆ పని చేసే చెయ్యేదో ఒక్కసారి కూడా చూడలేదు. చూపించకుండా దాచింది నేనే, నిజమే. కానీ ఆ సందులో అడుగుల చప్పుడు ఎప్పుడు వినపడినా ఎవరికో ఏదో కావాల్సి వచ్చి వినపడిందే గానీ, నేనేం చేస్తున్నానో చూడ్డానికి ఎవరూ రాలేదు. పోట్లాడాలనిపించలేదు. చేతిలో కట్టరు వెచ్చగా ఉంది, మనసు నిండుగా ఉంది. రేపు కుర్చీలావిడ ముందే కోస్తాను, మీరూ చూడండి అన్నాను.

పొద్దున్నే బల్లని సందులోంచి ముందు గదిలోకి జరపడం మొదలుపెట్టాను. మా ఆయన వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు. ఇక్కడ పెడితే పాలు పొంగితే ఎలా అంది అత్తయ్య. ఎవరు దగ్గరగా ఉంటే వాళ్ళు స్టవ్వు కట్టేస్తారన్నాను. కుర్చీలావిడ వచ్చింది. కోసి ఉంచిన చుట్ట కోసం చూసింది. లేదండీ, మీరు కూర్చోండి, మీ ముందే కోస్తాను అన్నాను. ఆవిడ కుర్చీ బల్ల దగ్గరగా లాక్కుంది. నేను లాగుతుంటే లేసు కొస తన ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళ మధ్య జార్చుకుంటూ పోతోంది. ఎక్కడా ఆగలేదు. మా ఆయన కుట్టే బ్యాగు పక్కన పెట్టి నా చెయ్యే చూస్తున్నాడు.

అత్తయ్య మంచినీళ్ళు పట్టుకొచ్చింది. గ్లాసు కుర్చీలావిడకి ఇచ్చి, నా వైపు తిరిగి, లేసు లాగుతున్న ఎడమ చెయ్యి చూసింది. బయటి మనిషి ఉంది కాబట్టి గొంతు తగ్గించి, నాకొక దారి చూపిస్తున్నట్టు మెత్తగా అడిగింది.

“కుడి చెయ్యి బాగా నొప్పిగా ఉందా అమ్మా?”

అవునంటే అక్కడితో సరిపోయేది.

“నొప్పి ఉన్నమాట నిజమే అత్తయ్యా. కానీ నా చెయ్యి మొదటినుంచీ ఇదే,” అన్నాను, లేసు లాగుతూనే.